విజ్ఞాన సర్వస్వములో ఒక సింహళ చిత్రము

విజ్ఞాన సర్వస్వమునకు వ్యాసములు కూర్చు పనిలో నున్న మిత్రులొకరు ఒకనాటి సాయంకాలము మా కార్యాలయమునకు వచ్చి, ఒక చిన్న చీటీని బల్లపై నుంచిరి. దానిపై "కడవును పొరొందువ, సింహళ చిత్రము, 1947" అని మాత్రము వ్రాసియున్నది. ప్రక్కన ఎఱ్ఱసిరాతో ఒక ప్రశ్నార్థకము.

"ఏమండీ, రేడియోవారు నాలుగు దేశముల సంగతులు వినువారు గదా, ఒక్క మాట చెప్పండి. దీనికి మా సంపుటములో చోటీయవలెనా, వద్దా? మా సంఘములో ఈ తగవు తెగుట లేదు" అనిరి.

తగవు వివరము అడిగితిమి. చోటు వలదనువారి వాదము ఇది. ఆ చిత్రమును మన ప్రాంతమున చూచినవారు అరుదు. అది ఉత్తమ కళాఖండమని దాని దేశమువారును గట్టిగా చెప్పుట లేదు. అంతర్జాతీయ బహుమానములు లేవు. అన్నిటికంటె మించి, అది లంకలో తీసిన చిత్రమైనను కాదు. మన మదురైలో తీసినది. ఇట్టిదానికి చోటిచ్చినచో రేపు ప్రతి చిన్న దేశపు ప్రతి చిత్రమును వచ్చి వాకిట నిలుచును. చోటీయవలెననువారు ఒక్క మాటనే పట్టుకొని కూర్చుండిరట: ఒక జాతి తన భాషను తెరపై మొట్టమొదట వినిన చిత్రమది, దానిని విడిచిపెట్టిన గ్రంథమునకు సర్వస్వమను పేరెట్లు చెల్లును?

"ఇద్దరి మాటయు నిజమువలెనే యున్నది, అదియే నాకు చిక్కు" అనిరి మిత్రులు. మేము వారము గడువడిగితిమి. అది రెండు వారములైనది. ఆ చీటీ పుణ్యమున మేము చదివి తెలిసికొన్న సంగతులను, తుదకు మేము చెప్పిన అభిప్రాయమును శ్రోతలకు నివేదించుచున్నాము.

లంక మన కంటికి దూరమైనను చెవికి దగ్గఱైన దేశము. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖకు మంత్రిగా వచ్చిన బి. వి. కేస్కర్ గారి కాలమున ఆకాశవాణిలో సినిమా పాటలకు తావు కుదించుకొనిపోగా, మన యిండ్లలోని రేడియో ముల్లు కొలంబో వైపునకు తిరిగెను. ఆ యేటనే రేడియో సిలోన్‌లో ఆరంభమైన బినాకా గీతమాల కొఱకు బుధవారము రాత్రి ఊరు ఊరంతయు చెవి యొగ్గెడిది. ఈ సంగతిని రేడియో ఉద్యోగులమైన మేము చెప్పుకొనుట అంత గర్వకారణము కాదు గాని, జరిగినది జరిగినదే. విచిత్రమేమనగా, ఆ దీవినుండి మన పాటలను మనము విన్నాము; ఆ దీవివారి పాటలను వినలేదు. తెలుగు శ్రోతలు ఎఱిగిన కె. జమునారాణి గారు సింహళ చిత్రములందును పాడిరన్న సంగతి మనలో ఎందఱికి తెలియును? ఇరుగింటివారిని గూర్చి మన యెఱుక ఇంతమాత్రము. కనుక "మనవారు చూడలేదు" అనుట ఆ చిత్రముపై మోపదగిన నేరము కాదని మాకు మొదటనే తోచెను.

చోటు అనునది సర్వస్వకర్తలకు పాత శత్రువు. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలకెత్తుకొని, మూడు సంపుటములు వెలువరించి, 'అ' అను అక్షరమును దాటకమునుపే 1923లో కన్నుమూసిరి. ఆ అనుభవము తరువాత తెలుగు భాషా సమితివారు అకారాది క్రమమును విడిచి విషయమునకొక సంపుటముగ పని పంచుకొనిరి. అచ్చులో ఒక పుట పెరిగినచో మఱియొక పుట తగ్గవలెను. ఆ లెక్కలో చిన్న దేశములే ముందు తగ్గును. నేడు ఆ బాధ చాలవఱకు తీరినది. బ్రిటానికావారు 2012లో అచ్చు సంపుటములకు స్వస్తి చెప్పిరి. ఎవ్వరైనను వ్రాయదగిన వికీపీడియాకు కాగితపు బరువు లేదు. ఐనను తగవు తీరలేదు. ఏలయన, ప్రశ్న చోటును గూర్చినది కాదు, యోగ్యతను గూర్చినది.

ఆంగ్ల వికీపీడియావారు చలనచిత్రములకు ఏర్పఱచుకొన్న నియమములను మేము శ్రద్ధగా చదివితిమి. చిత్రము విస్తృతముగ ప్రదర్శింపబడి, పేరుగల విమర్శకుల నిండు సమీక్షలను పొందియుండవలెను. లేదా ప్రధానమైన బహుమానము నందియుండవలెను. లేదా విడుదలయైన ఐదేండ్ల తరువాత సైతము దానిని గూర్చి చెప్పుకోదగిన వ్రాతలు వెలువడియుండవలెను. ఇట్టివి ఇంక కొన్ని కలవు. వీనిలో చిన్న దేశములను తలంచుకొని వ్రాసిన వాక్యమొకటి మమ్ము ఆపినది. చిత్రనిర్మాణమున పెద్దది కాని దేశమున, ఆ దేశపు ప్రధాన స్టూడియో తీయగా, ఆ దేశమున చక్కగా ఆడిన చిత్రమైనచో దానిని పరిగణింపవచ్చునని దాని తాత్పర్యము. వ్రాసినవారి మనస్సు మంచిదే. కాని 1947 నాటి లంకకు ఈ కొలబద్దను పట్టి చూడుడు. ప్రధాన స్టూడియో మాట అటుంచుడు. మాటాడు చిత్రమును తీయదగిన స్టూడియోయే ఆ దీవిలో నాడు లేదు. చిన్న దేశములపై దయతో వ్రాసిన వాక్యము, మఱీ చిన్నదైన దానిని గుమ్మము దగ్గఱనే ఆపివేయుచున్నది!

కథ ఏమనగా, 1946 జనాభా లెక్కలలో లంక జనసంఖ్య 66 లక్షలు. అందు సింహళులు నూటికి డెబ్బదిమంది లోపు. సినిమా హాళ్లు లేకపోలేదు. చిత్తంపలం గార్డినర్ 1928లో స్థాపించిన సిలోన్ థియేటర్సు మొదలైనవారు ఆ వ్యాపారమున నిలద్రొక్కుకొని యుండిరి. ఆడునవి మాత్రము ఆంగ్ల చిత్రములు, హిందీ చిత్రములు, తమిళ చిత్రములు. సింహళ ప్రేక్షకుడు టిక్కెట్టు కొని, తనకు రాని భాషలోని మాటలను ఊహించుకొనుచు, పాటలను నేర్చుకొని యింటికి పోయెడివాడు. అప్పటికి ప్రపంచమున మాటాడు చిత్రము పుట్టి ఇరువదేండ్లు గడచినవి.

అతని భాష వినబడునది రంగస్థలముపైననే. ఆ రంగస్థలమునకును ఒక చరిత్ర యున్నది. 1877లో బొంబాయినుండి పార్సీ నాటక సమాజమొకటి కొలంబోకు పోయి ఆడిన ఆటలు అచటివారిని ఉఱ్ఱూతలూగించెను. ఆ ఫక్కీలో పాటలతో, పట్టు తెరలతో పుట్టిన సింహళ నాటకమునకు 'నూర్తి' యని పేరు. జాన్ డిసిల్వా తన దేశపు రాజుల కథలను నూర్తులుగా వ్రాసి, బాణీలు కట్టుటకు భారత దేశమునుండి విశ్వనాథ్ లావ్జీ యను విద్వాంసుని పిలిపించుకొనెను. 1911లో టవర్ హాలు నాటకశాల వెలసెను. పార్సీ సమాజములను, ధార్వాడ సమాజములను చూచి నాటకము కట్టిన తెలుగువారికి ఈ కథ క్రొత్తగా నుండదు. అచట 'సిరిసంగబో' అన్నచోట ఇచట 'చిత్రనళీయము' అనుకొనుడు, హార్మోనియము మాత్రము ఒక్కటే.

బి. ఎ. డబ్ల్యు. జయమాన్నె గారి మినర్వా నాటక సమాజము ఈ పరంపర చివరి కాలమునకు చెందినది. 'కడవును పొరొందువ' వారి జనప్రియమైన నాటకము. ఆ పేరునకు తెలుగున 'తప్పిన మాట' అని చెప్పవచ్చును. దక్షిణ భారతమునకు చెందిన వర్తకుడు ఎస్. ఎం. నాయగం ఈ నాటకమును చిత్రముగా తీయ సంకల్పించి, నటీనటులను ఓడ యెక్కించి మదురైలోని చిత్రకళా మూవీటోనుకు తీసికొనివచ్చెను. దర్శకుడు జ్యోతిష్ సింగ్ అను భారతీయుడు. నటీనటులు సింహళ రంగస్థలమువారు: రుక్మిణీదేవి, ఆమె భర్తయు హాస్యనటుడును అయిన ఎడ్డీ జయమాన్నె, నాటకకర్తయైన జయమాన్నె. 1947 జనవరి 21వ తేదీన కొలంబోలోని కింగ్‌స్లీ థియేటరులో చిత్రము విడుదలయ్యెను. లంకకు స్వాతంత్ర్యము వచ్చినది 1948 ఫిబ్రవరి 4వ తేదీన. అనగా ఆ దేశము స్వతంత్రము కాకమునుపు ఒక సంవత్సరము పదునాలుగు దినముల క్రిందట దాని భాష తెరపై మాటాడెను.

ఆ చిత్రమును ప్రజలు ఆదరించిరి. విమర్శకులు మెచ్చుకొనలేదు. నాటకమును నిలువబెట్టి కెమెరా ముందు ఆడించినట్లున్నదని, పాటలు, గృహాలంకారములు, హావభావములు అన్నియు దక్షిణ భారత చిత్రముల అచ్చులోనివని తరువాతి వారు వ్రాసిన వ్రాతలు పలుమాఱు కనబడును. ఆ మాటలు చాలవఱకు నిజములే. ఆ యేడు ఏప్రిల్ 9న వచ్చిన రెండవ చిత్రము 'అశోకమాల'ను కోయంబత్తూరులో తీసిరి. తరువాత కొన్నేండ్లపాటు సింహళ చిత్రములకు మదురై, కోయంబత్తూరు, సేలం, మద్రాసు పట్టణములే పుట్టినిండ్లు. 1950 దాటిన తరువాతనే లంకలో స్టూడియోలు లేచినవి. వానిలో కందానలోని స్టూడియో ఈ నాయగం గారిదే.

ఇచటికి వచ్చుసరికి మిత్రుల సంఘములోని ఒక ఆక్షేపణను గూర్చి మేము తెలుగువారిగా ఆలోచింపవలసి వచ్చెను. "మదురైలో తీసినది లంక చిత్రమెట్లగును?" మంచి ప్రశ్నయే. ఐనచో 'భక్త ప్రహ్లాద' ఎచట తీసిరి? హెచ్. ఎం. రెడ్డిగారు దానిని బొంబాయిలో తీసిరి. మొదట ప్రదర్శించినదియు బొంబాయిలోని కృష్ణా థియేటరులోనే. సాగర్ మూవీటోను సంస్థ తెలుగువారిది కాదు. అంతమాత్రమున అది తెలుగు చిత్రము కాదని మనలో ఎవ్వరైనను అనినచో ఊరుకొందుమా? మనము పెద్ద జాతిమి గనుక మన మాట చెల్లినది. ఇదే వాదము లంకవారు చేసిన "స్థలము పరాయిది" అనుచున్నాము.

'భక్త ప్రహ్లాద' మాట వచ్చినది గనుక ఇంకొక్క సంగతి. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని దశాబ్దములపాటు పుస్తకములు చెప్పినవి. మేమును మా కార్యక్రమములలో అట్లే చెప్పియుంటిమి. పాత పత్రికలను, సెన్సారు లెక్కలను వెదకిన రెంటాల జయదేవ గారు, ఆ చిత్రము సెన్సారైనది 1932 జనవరి 22న యని, విడుదలయైనది 1932 ఫిబ్రవరి 6న యని తేల్చిరి. ఎనిమిది కోట్లమందికి పైగా మాటాడు భాషలో, వేల చిత్రములు తీసిన పరిశ్రమలో, మొదటి మాటాడు చిత్రపు తేదీయే అంతకాలము తప్పుగా నడచినది. ఒకరు వ్రాసిరి, తక్కినవారు చూచి వ్రాసిరి. సర్వస్వమున ఒకసారి చేరిన మాట ఎంత గట్టిదో, ఒకసారి చేరక విడువబడిన మాట ఎంత తేలికగా మాసిపోవునో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఇక సంఘమువారు ఆక్షేపణ లేకుండ ఒప్పుకొన్న సింహళ చిత్రమొకటి యున్నది. దానిపై ఎఱ్ఱసిరా లేదు. అది లెస్టర్ జేమ్స్ పీరిస్ గారి 'రేఖావ'.

దానిని ఒప్పుకొనుటకు కారణము సుస్పష్టము. 1956 డిసెంబరు 28న విడుదలయైన ఆ చిత్రము మఱుసటి యేడు కాన్ చలనచిత్రోత్సవమున పోటీకి నిలిచెను. పీరిస్, ఛాయాగ్రాహకుడు విలియం బ్లేక్, కూర్పరి టైటస్ డిసిల్వా, ఈ మువ్వురును ప్రభుత్వ ఫిల్ము విభాగమున డాక్యుమెంటరీలు తీయుట నేర్చుకొని, ఆ కొలువు విడిచి బయటికి వచ్చినవారు. స్టూడియో గోడలను, అట్టముక్కల యిండ్లను వదలి కెమెరాను పల్లెటూరి ఎండలోనికి మోసికొనిపోయిరి. కథ సేన యను బాలునిది. అతని చేతిరేఖలలో వైద్యుడగు యోగమున్నదని జోస్యము చెప్పుదురు. చూపు పోయిన అనుల యను చెలికత్తెకు అతని చేయి తగిలి చూపు వచ్చును. అంతట ఊరు ఊరంతయు ఆ పిల్లవాని చేతిని సొమ్ము చేసికొన జూచును. మఱియొక బిడ్డ మరణింపగా, వానలు కురియకపోగా, అదే ఊరు అతనిపై విఱుచుకొనిపడును. చిన్నపిల్లల ముఖములపై పెద్దల దురాశ నీడ పడునట్లు చెప్పిన కథ. అంతకు ముందు సంవత్సరమే 'పథేర్ పాంచాలి' వచ్చియుండెను గనుక రెండింటిని కలిపి తలంచుకొనుట సహజము.

ఇంతటి చిత్రమును సొంత దేశమువారు ఎట్లాదరించిరి? ఆదరింపలేదు. పాటకు పాట, పోరాటమునకు పోరాటము, నవ్వుటకు ఒక జంట, ఈ లెక్కలకు అలవాటుపడిన ప్రేక్షకులు హాలునకు రాలేదు. నిర్మాతలకు నష్టము వచ్చెను. పీరిస్ మఱల తన మనసునకు నచ్చిన చిత్రముతో పూర్తి గుర్తింపు పొందుటకు ఏండ్లు పట్టెను. మార్టిన్ విక్రమసింహ నవలను ఆధారముగా జేసికొని తీసిన 'గంపెరళియ' 1965 జనవరిలో క్రొత్త ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున స్వర్ణమయూరము నందెను. న్యాయనిర్ణేతల సంఘమునకు అధ్యక్షులు సత్యజిత్ రాయ్. ఒక లంక చిత్రమునకు మన దేశ రాజధానిలో జరిగిన గౌరవమిది. మన పాఠకులలో దీనిని ఎఱిగినవారు ఎందఱో మేము చెప్పజాలము.

కనుక ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. ఒకటి సొంతవారు చూచి, పరాయివారు చూడనిది. రెండవది పరాయివారు మెచ్చి, సొంతవారు విడిచినది. సంఘమువారి కొలబద్ద రెండవదానిని ఒప్పుకొని మొదటిదానిని త్రోసివేయుచున్నది. అనగా ఒక చిన్న దేశపు చిత్రమునకు యోగ్యత ఆ దేశము దాటినప్పుడే కలుగునన్నమాట. తెలుగు చిత్రమునకు, హిందీ చిత్రమునకు, అమెరికా చిత్రమునకు ఈ నియమమును మనము పెట్టుట లేదు. వానిని సొంతవారు చూచిన చాలును.

రేఖావను గూర్చి వ్రాయువారు దానిని "మొట్టమొదటి నిజమైన సింహళ చిత్రము" అని కొనియాడుట పరిపాటి. ఈ 'నిజమైన' అను విశేషణమే మాకు వెఱపు కలిగించినది. దానిలో ఎంత న్యాయమున్నదో కాదనము. 1956 లంకకు సామాన్యమైన సంవత్సరము కాదు. బండారనాయకె ప్రభుత్వము సింహళమును ఏకైక అధికార భాషగా జేసిన చట్టము ఆ యేటిదే. ఆ చట్టము తమిళులకు కలిగించిన గాయము తరువాతి దశాబ్దములలో ఎంత లోతునకు పోయినదో లోకమెఱుగును. సరచ్చంద్ర గారి 'మనమే' నాటకము నవంబరులో రంగమెక్కెను. (తెలుగు చెవికి ఆ పేరు 'మనమే, ఇతరులు కారు' అన్నట్లు వినబడును గాని, అది ఒక రాజకుమారుని పేరు.) మాది, మా మట్టిది, మా వేళ్లది అని అందఱును వెదకుచున్న కాలమున రేఖావ వచ్చెను. అట్టి కాలమున మదురైలో తీసిన చిత్రమును మఱచిపోవుట సుఖము.

కాని 'నిజమైన' అను గీటు ఎచట గీయగలము? కడవునున నాయికయైన రుక్మిణీదేవి గారి అసలు పేరు డైసీ రాసమ్మ డానియల్స్; తమిళ క్రైస్తవ కుటుంబమున పుట్టినవారు. 1923లో పుట్టి, 1978లో మోటారు ప్రమాదమున మరణించువఱకు ఆమెను సింహళులు తమ కోకిలయని పిలిచికొనిరి. నిర్మాత తమిళుడు. దర్శకుడు భారతీయుడు. సరే, ఇది పరాయిదనుకొందము. రేఖావ మాట? పీరిస్ గారు కొలంబోలోని కాథలిక్ కుటుంబమున, ఆంగ్లము మాటాడు ఇంటిలో 1919లో పుట్టి, యౌవనమున లండనులో నుండి చిన్న చిత్రములు తీసి, అచటినుండి కొలంబో ఆంగ్ల పత్రికకు వ్యాసములు పంపినవారు. పల్లెటూరి బౌద్ధ సింహళ జీవితము ఆయనకు పుట్టుకతో వచ్చినది కాదు; కన్నులు విప్పి చూచి సంపాదించుకొన్నది. వంశమును, స్థలమును, మతమును చూచి గీటు గీసినచో రెండు చిత్రములును అవతలనే పడును. చూచి, విని, తమదనుకొన్న ప్రజలను బట్టి గీసినచో కడవునుకే ముందు చోటు.

ఇంకొక కారణము మఱింత సులభమైనది. రేఖావ దేనిని వదలి బయటికి వచ్చినదో చెప్పక, రేఖావ గొప్పతనము చెప్పుటెట్లు? స్టూడియో గోడలు విడిచినదందుము. ఏ స్టూడియో? ఎవరి గోడలు? చదువరి పుట త్రిప్పి చూచును. అచట ఏమియు నుండదు. పెద్ద దేశపు చరిత్రలో ఒక చిత్రము విడిచినను ముందు వెనుకల చిత్రములు ఆ ఖాళీని పూరించును. మొదటి యేడు రెండే చిత్రములు తీసిన దేశపు చరిత్రలో ఒకటి విడిచిన సగము పోయినట్లే. చోటు వలదనువారు "ఒకదానికిచ్చిన అన్నిటికీయవలెను" అని భయపడుచున్నారు. ఆ భయము పెద్ద పరిశ్రమల విషయమున న్యాయమైనదే. ఏటేట వందల చిత్రములు తీయు మన భాషలలో పెక్కింటికి ఒక పంక్తియు అక్కఱలేదని మేమే ఒప్పుకొందుము. మేము ఏరుకొని విడువవలసినది అచట.

రెండు వారముల తరువాత మిత్రులు వచ్చినపుడు ఈ మాటలన్నియు చెప్పి, చోటీయవలసినదే యని మా అభిప్రాయము తెలిపితిమి. కాని కొన్ని షరతులు పెట్టితిమి. మదురై పేరు మొదటి వాక్యములోనే యుండవలెను. దానిని దాచి లంకాభిమానమును తృప్తిపఱుపరాదు. చిత్రము సామాన్యమైనదను విమర్శ యుండవలెను. తొలిదని గొప్పదిగా జేయరాదు. నాటక సమాజము పేరుండవలెను. తేదీ వ్రాయునపుడు ఎచట చూచి వ్రాసిరో తమ కాగితములలోనైన గుర్తుంచుకొనవలెను. ప్రహ్లాద అనుభవము మఱవరాదు. నిడివి ఇరువది పంక్తులు చాలును. రేఖావకు అరువది పంక్తులిచ్చినను మాకు అసూయ లేదు.

"తొలి లంక చిత్రము అని మొదలుపెట్టవచ్చునా?" అనిరి మిత్రులు, కలము తీసి.

"వద్దు. సింహళమున తొలి మాటాడు చిత్రమనుడు. తొలి లంక చిత్రము వేఱొకటి" అంటిమి.

అప్పుడు మిత్రులకు 1925 నాటి కథ చెప్పవలసి వచ్చెను. టి. ఎ. జె. నూర్‌భాయ్ అను వర్తకుడు లంకలో 'రాజకీయ విక్రమయ' అను మూకీ చిత్రమును తీయించెను. సింహళమున 'రాజకీయ' మనగా రాజునకు చెందినదని యర్థము. నాయకపాత్ర ధరించిన యువకుడు ఎన్. ఎం. పెరీరా. ఆయన పిమ్మట 1935లో పుట్టిన లంక సమసమాజ పక్షమునకు నాయకుడై, కొలంబో మేయరై, ఆర్థికమంత్రియు నయ్యెను. పేరులోని 'రాజకీయము' మన తెలుగు అర్థమున ఫలించినదన్నమాట! ఫిల్మును బొంబాయిలో కడిగించిరి. మన దేశమున, సింగపూరున ప్రదర్శించిరి. లంకలో చూపుటకు ముందే అగ్నిప్రమాదమున కాలిపోయెను. ఏ దీవిలో తీసిరో ఆ దీవివారు దానిని ఎన్నడును చూడలేదు.

మిత్రులు కొంతసేపు ఊరకుండిరి. తరువాత జేబులోనుండి మఱియొక చీటీ తీసి, "రాజకీయ విక్రమయ, 1925" అని వ్రాసి, ప్రక్కన ఎఱ్ఱసిరాతో ప్రశ్నార్థకము పెట్టి, మా వైపు చూచిరి.

ఇది కడవునుకంటె కష్టమైన ప్రశ్న. ఇచట చూచిన సొంత ప్రజలు లేరు, మెచ్చిన పరాయి విమర్శకులు లేరు, తిరిగి చూచుటకు ఫిల్ము లేదు. రఘుపతి వెంకయ్య గారి కుమారుడు ప్రకాశ్ 1921లో మద్రాసున తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' సైతము మనకు చూడ దొరకదు. కాని దాని వెనుక ఒక పరిశ్రమ నడచివచ్చినది గనుక దానికి మనము పీట వేసి కూర్చుండబెట్టితిమి. రాజకీయ విక్రమయ వెనుక నడచివచ్చినది పెద్దగా లేదు. మాటాడు చిత్రము ఇరువది రెండేండ్లకు మఱియొక త్రోవను వచ్చెను. ఈ చీటీకి ప్రత్యేక వ్యాసము వలదని, లంక చలనచిత్రములను గూర్చిన పెద్ద వ్యాసములో నాలుగు పంక్తులు చాలునని మేము చెప్పితిమి. మిత్రులకు అది రుచింపలేదు. "కాలిపోయినదాని కంటె ఉన్నదానికి ఎక్కువ చోటీయుట న్యాయమా? ఉన్నదానిని ఎవ్వరైనను పోయి చూచుకొందురు" అనిరి.

ఆ మాటకు మా యొద్ద సిద్ధముగ జవాబు లేకపోయెను. ఏడుంబావు వార్తల వేళయగుటచే మేము లేచితిమి. మిత్రులు రెండు చీటీలను ఒకే కవరులో నుంచుకొని వెడలిరి.